చీమలు పాకుతున్నాయమ్మా!

ఊరు కాని ఊరు. దేశం కాని దేశం. ఆయనేమో క్యాంపులో ఉన్నారు. బడిలో పాప కింద పడిందని ఫోను! 'ఏం కాదులే, పద' అంటూ వెంట వచ్చే అవ్వాతాతలు లేరు. మోచెయ్యి విరగడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ తర్వాతి గంటలన్నీ ఆ తల్లి ఒక్కతే దాటాలి.

మధ్యాహ్నం పన్నెండూ నలభై. చిన్నోణ్ని జోకొట్టి, అప్పుడే కంచంలో అన్నం పెట్టుకుంది. ఫోను మోగింది. స్క్రీన్ మీద స్కూలు పేరు. పిల్లల్ని అమెరికా బడికి పంపే తల్లులందరికీ తెలుసు, ఆ వేళప్పుడు అక్కణ్నుంచి ఫోనొస్తే మంచి కబురై ఉండదని. జ్వరమేమో అనుకుంటూ ఎత్తింది.

"మీ పాప బాగానే ఉంది. కానీ..." అంది స్కూలు నర్సు.

ఆ 'కానీ' తర్వాత ఆమె ఏం చెప్పిందో ఇప్పటికీ సరిగ్గా గుర్తులేదు. మంకీ బార్స్, పడింది, చెయ్యి. ఈ మూడు ముక్కలే చెవికెక్కాయి.

పేరెందుకులెండి, పాప వాళ్ళమ్మ అనుకుందాం. సొంతూరు శ్రీకాళహస్తి. పెళ్ళయి అమెరికా వెళ్ళి ఎనిమిదేళ్ళు. ఉండేది డాలస్ శివార్లలో, వీధికి నాలుగు తెలుగిళ్ళుండే కాలనీలో. భర్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆ వారం ఆఫీసు పనిమీద షికాగో వెళ్ళాడు. పాపకి ఆరేళ్ళు, ఒకటో తరగతి. చిన్నోడికి రెండేళ్ళు. నిద్రపోతున్నవాణ్ని అలాగే ఎత్తుకెళ్ళి పక్కింటి అక్క చేతుల్లో పెట్టి కారు తీసింది. కంచంలో అన్నం అలాగే ఉండిపోయింది.

మంకీ బార్స్ అంటే ఏమీ లేదు. నిచ్చెనను అడ్డంగా పడుకోబెట్టి నాలుగు స్తంభాల మీద ఎత్తుగా నిలబెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పిల్లలు ఒక్కో కడ్డీ పట్టుకుని వేలాడుతూ ఈ చివర నుంచి ఆ చివరకు పోవాలి. పాప మూడో కడ్డీ దగ్గర పట్టు తప్పింది. పడేటప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? చెయ్యి చాపి నేలకి ఆనిస్తారు. పాపా అదే చేసింది. ఒంటి బరువంతా ఎడమ మోచేతి మీద పడింది.

స్కూల్లో నర్సు అట్ట వేసి, గుడ్డతో చేతిని మెడకి కట్టి కూర్చోబెట్టింది. మోచెయ్యి ఉండాల్సిన ఆకారంలో లేదు. "అంబులెన్స్ పిలవమంటారా, మీరే తీసుకెళతారా?" అని అడిగింది. ఆ క్షణంలోనూ అంబులెన్స్ బిల్లే గుర్తొచ్చింది పాప వాళ్ళమ్మకి. అందుకు తర్వాత తనని తాను చాలాసార్లు తిట్టుకుంది. అయితే ఆ భయం ఉత్తిది కాదు. ఆస్పత్రి ఎమర్జెన్సీలో అనుకోని అదనపు బిల్లులు పడకుండా అమెరికాలో 2022 జనవరి నుంచి ఒక చట్టం అమల్లోకొచ్చింది. హెలికాప్టర్ అంబులెన్స్‌కి అది వర్తిస్తుంది. రోడ్డు మీద వెళ్ళే అంబులెన్స్‌ని మాత్రం వదిలేసింది. పగవాడికైనా చెప్పుకుంటే నవ్వే సంగతి ఇది.

దారంతా ఏడుపే. కారులో అవ్వ పంపిన మురుకుల పొట్లం ఉంది. రెండు తినిపించింది. ఏడుపు కాస్త తగ్గింది. మన ఇళ్ళల్లో అంతే కదా! దెబ్బ తగిలిన పిల్లకి ముందు నోట్లో ఏదో ఒకటి పెడతాం. లేదంటే చక్కెర నీళ్ళు తాగిస్తాం. ఆస్పత్రిలో అడిగిన మొదటి ప్రశ్నల్లో ఒకటి... "చివరిసారి ఎప్పుడు, ఏం తింది?"

ఒంటిగంటకి. మురుకులు.

మత్తుమందు ఇచ్చినప్పుడు కడుపులో తిండి ఉంటే అది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. అందుకే తేలికపాటి తిండి తిన్నా ఆరు గంటలు ఆగాలంటారు. నూనె వంటకమైతే ఇంకా ఎక్కువ. ప్రాణం మీదికో, అవయవం మీదికో వస్తే మాత్రం ఆగరు. పాప విషయంలో ఆగొచ్చా, ఆగకూడదా? తేల్చాల్సింది అదే.

రాయి... కాగితం... కత్తెర

కుర్ర డాక్టరొకాయన వచ్చి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నాతో ఆడతావా?" అన్నాడు పాపతో. రాయి అంటే పిడికిలి. కాగితం అంటే అరచెయ్యి తెరవడం. కత్తెర అంటే రెండు వేళ్ళు విడదీయడం. నొప్పి బాధలోనూ పాప మూడూ చేసింది. చివరగా బొటనవేలూ చూపుడువేలూ కొసలు కలిపి గుండ్రంగా సున్నా చుట్టమన్నాడు.

సున్నా రాలేదు. కొసలు వంగడం లేదు. రెండు వేళ్ళూ బల్లపరుపుగా ఒకదానికొకటి ఆనుతున్నాయంతే.

ఆట కాదది. మోచేతి మీదుగా మూడు పెద్ద నరాలు చేతిలోకి వెళతాయి. పిడికిలి, కాగితం, కత్తెర ఒక్కోటి ఒక్కో నరానికి పరీక్ష. సున్నా మరో చిన్న కొమ్మకి. ఈ రకం విరుగుడులో ఎక్కువగా నలిగేది ఆ కొమ్మే. డాక్టరు ముఖంలో నవ్వు పోలేదు. కాగితం మీద మాత్రం ఏదో రాసుకున్నాడు. గోరు నొక్కి వదిలి రంగు తిరిగి వస్తోందా అని చూశాడు. వస్తోంది. మణికట్టు దగ్గర నాడి వేలికి దొరకలేదు. చిన్న యంత్రం పెడితే సన్నగా వినిపించింది.

అప్పుడే పాప అంది, "అమ్మా, చీమలు పాకుతున్నాయి" అని.

"ఏమంటోంది?" అంది నర్సు. చీమలు పాకుతున్నాయంటోందని ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు చెప్పేసింది తల్లి. నర్సు గబుక్కున దుప్పటి ఎత్తి చూసింది! నిజంగా చీమలున్నాయేమోనని. తిమ్మిరి అని చెప్పాలి. దాన్ని ఇంగ్లీషులో ఏమంటారు? ఎంసీఏ చదివిన మనిషి. ఎనిమిదేళ్ళుగా ఆ దేశంలో ఉంటోంది. బ్యాంకులో, బడిలో, షాపులో ఎక్కడా తడుముకోలేదు. ఆ ఒక్క మాటా ఆ క్షణాన నాలుక మీదికి రాలేదు. చేతులతో సైగలు చేసి, తన వేళ్ళు తానే విదిలించి చూపిస్తే, "ఓ... టింగ్లింగ్!" అంది నర్సు. వెంటనే వెళ్ళి డాక్టరుకి చెప్పింది. నరం నలిగిన చోట తిమ్మిరి చిన్న విషయం కాదు మరి.

"తెలుగు దుబాసీ కావాలా?" అని లోపలికి రాగానే అడిగారు. నాకు ఇంగ్లీషు వచ్చుగా అని వద్దంది. చాలామంది అలాగే అంటారు. ఇంగ్లీషు సరిగా రానివాళ్ళకి అక్కడి ఆస్పత్రులు ఉచితంగా దుబాసీని ఏర్పాటు చేయాలని చట్టమే ఉంది. ఫోన్లో తెలుగు మాట్లాడేవాళ్ళు దొరుకుతారు. అడగడంలో నామోషీ ఏమీ లేదు. ఉద్యోగానికి పనికొచ్చే ఇంగ్లీషు వేరు. కన్నబిడ్డ నొప్పి చెప్పడానికి కావాల్సిన ఇంగ్లీషు వేరు.

ఆపరేషన్ కాగితాల మీద సంతకం ఒక్కతే పెట్టింది. భర్త స్పీకర్ ఫోన్లో ఉన్నాడు. ఎముకను బయటి నుంచే సరిచేసి తీగలు గుచ్చుతారట. కుదరకపోతే కోసి తెరుస్తారట. రక్తనాళం నలిగి ఉంటే దాన్నీ చూడాలట. "పెట్టేసెయ్" అన్నాడతను. ఆ తర్వాత ఫోన్లో చాలాసేపు ఏమీ వినపడలేదు.

'ఎలా పడింది?'

మొదట చూసిన నర్సు అడిగింది. కుర్ర డాక్టరు అడిగాడు. ఎముకల సర్జన్ అడిగింది. 'ఎలా పడింది, ఎక్కడ పడింది, అప్పుడు ఎవరున్నారు?' మూడోసారికి తల్లికి చెమటలు పట్టాయి. అంతలో ఒకావిడ వచ్చి, "మీరొక్క నిమిషం బయట ఉంటారా, పాపతో మాట్లాడాలి" అంది.

విదేశాల్లో ఉండే మనవాళ్ళ గుండెల్లో దాగిన భయమొకటుంది. పిల్లల్ని తీసుకెళ్ళిపోతారేమో అని. 2011లో నార్వేలో ఒక భారతీయ కుటుంబం నుంచి ఇద్దరు పిల్లల్ని అక్కడి శిశు సంక్షేమ అధికారులు తీసుకెళ్ళిన ఉదంతం చాలామందికి గుర్తే. 2023లో దాని మీద హిందీలో సినిమా కూడా వచ్చింది. పాప వాళ్ళమ్మ ఆ సినిమా చూసింది. తలుపు అవతల నిలబడ్డ నాలుగు నిమిషాలూ ఆ సినిమాయే కళ్ళముందు తిరిగింది. "ఏం అడిగినా ఆలోచించి చెప్పు" అని ఫోన్లో భర్త. ఆలోచించడానికేముంది? జరిగింది ఒక్కటేగా!

నిజానికి అది ఆమె మీద అనుమానం కాదు. పిల్లల మీద దౌర్జన్యం జరిగిందేమోనన్న అనుమానం వస్తే డాక్టర్లు, నర్సులు, టీచర్లు ఫిర్యాదు చేసి తీరాలి. టెక్సాస్ చట్టమైతే ఆ బాధ్యత ప్రతి ఒక్కరి మీదా పెట్టింది. అందుకే విరిగిన ఎముకతో వచ్చిన పిల్లలందరి విషయంలోనూ ఈ ప్రశ్నలుంటాయి. చెప్పే కథా, విరిగిన తీరూ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా అని చూస్తారు. ఆరేళ్ళ పిల్ల ఎత్తు నుంచి చాపిన చేతి మీద పడితే మోచేతి పైభాగం విరగడం... అచ్చంగా సరిపోయే కథ. ఇంకా నడక రాని పసిబిడ్డ తొడ ఎముక విరిగి, ఎలా విరిగిందో ఎవరూ చెప్పలేకపోతే అది వేరే సంగతి.

మనవాళ్ళు ఇక్కడే పొరపాటు చేస్తారు. పిల్లని అడిగిన ప్రశ్నకి తామే జవాబు చెబుతారు. లేదా గాభరాలో 'అలా చెప్పకు' అని పిల్లకి తెలుగులో నేర్పబోతారు. ఎదుటివాళ్ళకి భాష రాకపోయినా గొంతు అర్థమవుతుంది. తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియదని చెప్పడమే. ఆవిడ బయటికొచ్చి, "మీ అమ్మాయి చాలా ధైర్యవంతురాలు" అంది. అంతే! ఆ ముక్కతో అయిపోయింది. తల్లి మాత్రం గోడకి ఆనుకుని అప్పటికి మొదటిసారి ఏడ్చింది.

ఎముకే కదా, అతుక్కుంటుందిలే?

పిల్లల ఎముకలు పచ్చికొమ్మల్లాంటివి, ఇట్టే అతుక్కుంటాయంటారు. నిజమే. వంకరగా అతుక్కున్నా ఎదిగే కొద్దీ తిన్ననవుతాయంటారు. అదీ చాలాచోట్ల నిజమే. మణికట్టు దగ్గర విరిగితే ఆ మాట బాగా నప్పుతుంది. ముంజేతి ఎముక పొడవులో ముప్పాతిక భాగం పెరిగేది మణికట్టు వైపు నుంచే. ఆ పెరుగుదలే వంకరని సరిచేసుకుంటుంది.

మోచేయి అలా కాదు. దండచేతి ఎముక ఎనభై శాతం పెరిగేది భుజం వైపు నుంచి. మోచేతి వైపు పెరిగేది ఇరవై శాతమే. అంటే అక్కడ వంకర అతుకు పడితే జీవితాంతం వంకరే. పైగా సరిగ్గా ఆ విరిగిన కొన ముందు నుంచే చేతికి రక్తం తీసుకెళ్ళే పెద్ద నాళమూ, నరాలూ పోతాయి. ఐదు నుంచి ఏడేళ్ళ పిల్లల్లో ఎక్కువగా వచ్చే ఈ విరుగుడుని ఎముకల డాక్టర్లు తేలిగ్గా తీసుకోకపోవడానికి కారణం అదే.

వాపు పెరిగో, కట్టు బిగిసో ముంజేతికి కొన్ని గంటలపాటు రక్తం అందకపోతే కండరం చచ్చిపోతుంది. తర్వాత అది తాడులా బిగుసుకుపోయి వేళ్ళు గోళ్ళలా ముడుచుకుంటాయి. ఇక తెరుచుకోవు. ఈ అవిటితనాన్ని 1881లో వివరించినవాడు జర్మన్ సర్జన్ రిచర్డ్ ఫాన్ ఫోక్‌మన్. బిగుతు కట్లే కారణమని అప్పట్లోనే అన్నాడు.

పాప చెయ్యి వెచ్చగా ఉంది. గోళ్ళు ఎర్రగా ఉన్నాయి. కాబట్టి కాసేపు ఆగొచ్చు. నాడి బలహీనంగా ఉంది. కాబట్టి తెల్లారేదాకా ఆగకూడదు. సాయంత్రం ఏడింటికి లోపలికి తీసుకెళ్ళారు. ఎక్స్‌రే తెర మీద చూస్తూ బయటి నుంచే ఎముకను కుదిర్చి, చర్మంలోంచి రెండు సన్నటి స్టీలు తీగలు గుచ్చారు. కోయాల్సిన అవసరం రాలేదు. ఎముక చోటికి రాగానే నాడి బలంగా కొట్టుకుందని సర్జన్ బయటికొచ్చి చెప్పేసరికి ఎనిమిదిన్నర.

డాలస్‌లో రాత్రి ఎనిమిదిన్నరంటే, అక్టోబరులో, శ్రీకాళహస్తిలో పొద్దున ఏడు. అమ్మ కాఫీ కలిపే వేళ. పాప పడింది ఇక్కడి లెక్కన రాత్రి పదకొండుకి. అప్పుడే చేసి ఉంటే ముసలాళ్ళిద్దరూ రాత్రంతా మేలుకుని కూర్చునేవాళ్ళు. చేసేదేమీ లేక, చూసేదేమీ లేక! అందుకే చేయలేదు. పరాయి దేశంలో ఉండేవాళ్ళందరూ నేర్చుకునే విద్య ఇది. ఏ కబురు ఎన్నింటికి చెప్పాలో లెక్క కట్టుకోవడం.

"పొద్దన్న జరిగినదానికి ఇప్పుడా చెప్పేది?" అన్నారు నాయన. తర్వాత మాట... "తీగలు గుచ్చించారా పసిబిడ్డకి? పుత్తూరుకి తీసుకొచ్చుంటే నాలుగు కట్లతో పొయ్యేది గదమ్మా!"

పుత్తూరు కట్టు

నవ్వొచ్చే మాటలా ఉంటుంది కానీ, ఆ ప్రాంతంలో పుట్టినవాళ్ళకి కాదు. చెట్టు మీంచి పడినా, బండి మీంచి పడినా చిత్తూరు సీమలోనే కాదు, అటు తమిళనాడు నుంచీ ఇటు నెల్లూరు నుంచీ జనం పుత్తూరు బాట పట్టడం తరాలుగా ఉన్నదే. ఆకు పసరు, కోడిగుడ్డు, వెదురు బద్దలు, గుడ్డ. ఎందరికో చేతులూ కాళ్ళూ బాగయ్యాయి. అందులో అబద్ధమేమీ లేదు. తిన్నగా విరిగిన ఎముకను కదలకుండా ఉంచితే అది అతుక్కుంటుంది. పిల్లల మణికట్టయితే కొద్దిపాటి వంకర కూడా పోతుంది. ఆ పేరంతా కట్టుకి దక్కుతుంది.

చిక్కల్లా మోచేతి దగ్గరే. లోపల ఏ నాళం నలిగిందో పసరుకి తెలియదు. వాపు ఇంకా పెరుగుతుండగా బద్దలు బిగిస్తే ఫోక్‌మన్ చెప్పిన ప్రమాదం గుమ్మంలో ఉన్నట్టే. కట్టు కట్టించుకున్నా, పిండికట్టు వేయించుకున్నా గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. వేళ్ళు చల్లబడితే, రంగు మారితే, తిమ్మిరెక్కితే, మందు వేసినా నొప్పి పెరుగుతూనే ఉంటే... తెల్లారేదాకా చూద్దామనుకోకూడదు. ఆ రాత్రి నర్సులు పదేపదే వచ్చి పాప వేళ్ళు తాకి చూసింది అందుకే. తల్లి వాళ్ళకంటే ఎక్కువసార్లు తాకింది.

నాయనతో ఇదంతా వాదించలేదామె. "అట్లే నాయనా, ఈసారికి అయిపోయింది" అంది.

తొమ్మిది అంగుళాల చెక్కపొట్టు

మర్నాడు పొద్దున్నే విమానంలో భర్త వచ్చాడు. వస్తూనే బడి మీద మండిపడ్డాడు. ఆరేళ్ళ పిల్లల్ని అంత ఎత్తు ఎలా ఎక్కనిస్తారని. అయితే ఆ మాట అనే హక్కు అతనికి అంతగా లేదు. అంతకు ముందు ఆదివారమే పార్కులో పాపతో మూడో కడ్డీ దాకా వేలాడించి, వీడియో తీసి, ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టింది తనే. 'శభాష్' అని తాత బొటనవేలు బొమ్మ పెట్టాడు. వద్దు వద్దన్నది తల్లి ఒక్కతే. ఆస్పత్రి వరండాలో ఆమె ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తకపోవడమే అతనికి ఎక్కువ తగిలింది.

మంకీ బార్స్ ముత్తాత 'జంగిల్ జిమ్'. 1920ల్లో షికాగో దగ్గరి విన్నెట్కా వాసి సెబాస్టియన్ హింటన్ అనే లాయరు దానికి పేటెంట్ తీసుకున్నాడు. అతని తండ్రి గణితవేత్త. చిన్నప్పుడు జపాన్‌లో ఉండగా పిల్లలకి కొలతలు వంటబట్టాలని వెదురుగడలతో చట్రం కట్టించాడట. పిల్లలకి లెక్కలు పట్టలేదు. ఎక్కడం మాత్రం పట్టింది!

వందేళ్ళు దాటినా పిల్లలు ఎక్కుతూనే ఉన్నారు, పడుతూనే ఉన్నారు. ఆటస్థలాల్లో దెబ్బలు తగిలి ఏటా రెండు లక్షల మందికి పైగా పిల్లలు అమెరికాలో ఎమర్జెన్సీకి వస్తారని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రాల లెక్క. ఆ దేశపు వినియోగదారుల భద్రతా సంఘం 1981 నుంచీ ఆటస్థలాలకు మార్గదర్శకాలు ఇస్తోంది. బడి పిల్లల మంకీ బార్స్ ఏడడుగులకు మించొద్దంటుంది. కింద సిమెంటు, గట్టి నేల ఉండకూడదు. చెక్కపొట్టో రబ్బరు ముక్కలో పరవాలి. చెక్కపొట్టయితే తొమ్మిది అంగుళాల మందం, చుట్టూ ఆరడుగుల మేర.

భర్త టేపు పట్టుకెళ్ళి కొలిచి వచ్చాడు. ఎత్తు సరిపోయింది. పొట్టు సరిపోయింది. తిట్టడానికి ఏమీ దొరకలేదు. అసలు సంగతేమిటంటే, ఆ మెత్తటి నేలకు పెట్టే పరీక్షలన్నీ తల కోసం. పడితే పుర్రె పగలకుండా, మెదడు దెబ్బతినకుండా. చేతికి ఆ హామీ లేదు. పూర్వం సిమెంటు మీద పడి ప్రాణాలు పోయేవి. ఇప్పుడు పొట్టు మీద పడి చేతులు విరుగుతున్నాయి. మరి మంకీ బార్సే తీసేస్తే? వైద్యులే ఒప్పుకోవడం లేదు. పిల్లల ఎదుగుదలకి కాస్త ప్రమాదమున్న బయటి ఆటలు అవసరమని కెనడా పిల్లల వైద్యుల సంఘం 2024లో చెప్పింది. చదివేవాళ్ళకి బాగానే ఉంటుంది. ఎక్స్‌రే చూసిన తల్లికి మింగుడు పడదు.

ఇంటికొచ్చాక రెండు వారాలపాటు వంట చేయనివ్వలేదు చుట్టుపక్కల తెలుగువాళ్ళు. ఎవరింటి నుంచి ఏ రోజు ఏం రావాలో పట్టిక వేసుకున్నారు. పప్పుచారు, బీన్స్ వేపుడు, పెరుగన్నం... ఒకరోజు మూడిళ్ళ నుంచీ చింతకాయ పచ్చడే వచ్చింది. బిల్లులు మాత్రం ఆ తర్వాత నెలల తరబడి ఒక్కొక్కటిగా వచ్చాయి. ఆస్పత్రిది వేరు, సర్జన్‌ది వేరు, మత్తు డాక్టరుది వేరు, ఎక్స్‌రే చదివినాయనది వేరు. బీమా కంపెనీ తన లెక్క పంపేదాకా ఏ బిల్లూ కట్టొద్దని పక్కింటి అక్క చెప్పిన మాట ఆ ఏడాది వాళ్ళకి దొరికిన అన్నిటికన్నా ఖరీదైన సలహా.

సున్నా చుట్టు... ఏదీ!

నాలుగు వారాలకి పిండికట్టు తీశారు. మత్తు లేకుండానే తీగలు లాగేశారు. పాప ఏడవడానికి నోరు తెరిచేలోగా అయిపోయింది. ఎముక బ్రహ్మాండంగా అతికింది. చెయ్యి మాత్రం పూర్తిగా చాపలేకపోతోంది. సున్నా ఇంకా రావడం లేదు.

"నరం నలిగిందే తప్ప తెగలేదు. మూడు నుంచి ఆరు నెలల్లో చాలావరకు దానంతటదే వస్తుంది" అంది సర్జన్. రాకపోతే? అప్పుడు చూద్దామంది. నువ్వుల నూనెతో రోజూ గట్టిగా రుద్దమని అవ్వ. వద్దని సర్జన్. బలవంతంగా చాపినా, మోచేతి చుట్టూ గట్టిగా మర్దన చేసినా కండరంలో ఎముక పెరిగే ప్రమాదముందట. ఆడుకోనివ్వండి, అదే వస్తుందంది.

ఎలా ఆడించాలి? వీడియో కాల్‌లో తాత దొరికాడు. తాత చేసింది మనవరాలు చెయ్యాలి. చేతులు పైకి, చేతులు పక్కకి, చేతులు ముందుకి. ఒకరోజు పాప అడిగింది, "తాతా, నీ చెయ్యేంటి అలా ఉంది?" అని.

ఎప్పుడూ పొడుగు చేతుల చొక్కానే ఆయనకి. ఆవేళ బనియన్‌లో ఉన్నారు. కుడిచెయ్యి తిన్నగానే ఉంది. ఎడమచెయ్యి మోచేతి దగ్గర లోపలికి మళ్ళి ఉంది. ముప్పై నాలుగేళ్ళుగా ఆ ఇంటి కూతురు, ఎన్నడూ గమనించలేదు. పదేళ్ళప్పుడు చింతచెట్టు మీంచి పడ్డారట. పుత్తూరు కట్టే. "వంకరుంటే ఏమి? బిందె మొయ్యలేదా, సైకిలు తొక్కలేదా" అన్నారు నాయన కాస్త గట్టిగానే. కాసేపాగి, "పాపది తిన్నగా వచ్చిందిలే" అని తనే అన్నారు. పుత్తూరు మాట మళ్ళీ ఎత్తలేదు.

రోజూ పొద్దున పళ్ళు తోమించాక, "సున్నా చుట్టు" అనేది తల్లి. రాదు. సరే, జడ వేసేది. ఏడో వారం, ఎనిమిదో వారం. వేళ్ళు కొద్దిగా వంగినట్టుంటుంది, లేదనిపిస్తుంది. జనవరిలో సర్జన్ ఉత్తరం ఇచ్చింది. ఎముక గట్టిపడింది, స్కూల్లో అన్ని ఆటలూ ఆడొచ్చు, మంకీ బార్స్‌తో సహా. నరం సంగతి నరానిదే, దానికోసం పిల్లని కూర్చోబెట్టక్కర్లేదని. ఆ ఉత్తరాన్ని తల్లి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. బడిలో ఇవ్వలేదు. భర్త రెండుసార్లు అడిగాడు. మర్చిపోయానంది. అతనూ రెట్టించలేదు. ఫోన్లోని ఆ ఆదివారం వీడియోని అతనూ ఇంకా తెరవలేదు.

పదకొండో వారం, ఒక ఆదివారం మధ్యాహ్నం. హాల్లోంచి చిన్నోడి కేక. వంటింట్లోకి పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా... అక్క గిల్లింది!"

దోసె పెనం మీదే ఉంది. ఆమె స్టవ్ ఆపేసి, వాడి ముందు కూర్చుంది. జబ్బ మీద ఎర్రగా, చిన్నగా, రెండు గోళ్ళ గుర్తు.

"ఏ చేత్తో గిల్లిందిరా?"

వాడికి కుడీ ఎడమా ఇంకా తెలియదు. అక్కనే పిలిచి అడగాల్సి వచ్చింది. అక్క తిట్లు పడతాయేమోనని వెనక దాచుకున్న చేతిని మెల్లగా ముందుకి పెట్టింది. ఎడమచెయ్యి. ఇంకోసారి గిల్లమని తన చేయి చాపింది తల్లి. నొప్పి పుట్టింది.

మర్నాడు సోమవారం. తొమ్మిది రోజులుగా హ్యాండ్‌బ్యాగులో ఉన్న ఉత్తరాన్ని స్కూలు ఆఫీసులో ఇచ్చేసింది. ఆటస్థలం వైపు చూడకుండా కారు తిప్పుకుని వచ్చేసింది.